ఇంజను మీది బొట్టు

తిరగనంటోంది. ఇంజను ముందరి ఫ్యాను రెక్క మీద వేలు పెట్టి మెల్లగా తోశాను, తర్వాత గట్టిగా తోశాను, మొండికేసిన ఎద్దులా అక్కడే నిలబడింది. మొన్నటిదాకా బాగానే ఉండేదే అని నాకు నేనే చెప్పుకుంటున్నాను గాని మొన్న దీన్ని చూసిందెవరు, నా భార్య పుష్ప పోయినప్పటి నుంచి ఇది బీరువాలో ఆమె చీరల కింద అట్టపెట్టెలో ఉంది, అప్పుడు ఒక్కసారి తెరిచి చూసుకున్నాను, ఆ తర్వాత బీరువా తీసినప్పుడల్లా పెట్టె మూత ఒక్కటి చూసి మళ్ళీ తలుపు వేసేవాణ్ణి. ఈరోజు మూత తీశాను. ఎందుకు తీశావంటే చెప్పలేను. ఆదివారం, డ్యూటీ లేదు, దసరా దగ్గరపడిందని ఎదురింటివాళ్ళు స్కూటరు కడుగుతున్నారు, ఆ నీళ్ళు పారి మా గేటు కిందికి వస్తున్నాయి, కాసేపు ఆ నీళ్ళను చూసి లోపలికి వెళ్ళి బీరువా తీశాను, అంతే. పిడికిలంత ఇంజను, నేను ఎగరేసే బొమ్మ విమానానిది. తల మీద పెసరగింజంత కుంకుమబొట్టు, ఆమె పెట్టింది పెట్టినట్టే ఉంది. గాలి పీల్చే నోటి దగ్గర ఇంకో బొట్టు పెట్టింది, అది మాత్రం పొడిపొడిగా లోపలికి రాలి, వానాకాలం తేమకు గడ్డకట్టి, దాని కింద ఉక్కు ఇరుసు మీద గోధుమరంగు తుప్పు పట్టింది. ఇలాగే వదిలేస్తే వచ్చే ఏడాది దసరాకి ఇది ఇంజను కాదు, తుప్పుముద్ద. కాపాడాలంటే ఒకటే దారి, ఇవాళే కడిగి, నూనె పట్టించి, నడపాలి. నడిపితే తల మీది బొట్టు పోతుంది. ఇంధనంలోని స్పిరిట్టు చిమ్ముతుంది, ఆముదం కారుతుంది, తల పెనంలా కాలుతుంది, ఇన్నిటి మధ్య చిటికెడు కుంకుమ నిలుస్తుందా. బొట్టు మీద సెలోటేపు అంటించి నడిపితే ఎలా ఉంటుందని కూడా ఆలోచించాను, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇన్నేళ్ళు టెక్నీషియన్ ఉద్యోగం వెలగబెట్టినవాణ్ణి, టేపు వేడికి కరిగి బొట్టును కూడా లాక్కుపోతుందని తెలియక కాదు. ఇంజను ఆమె కొనిచ్చింది. బొట్టు ఆమె పెట్టింది. రెండూ నీకు మిగలవంటోంది ఈ తుప్పు.

క్వార్టర్సు వెనక బట్టలుతికే బండకూ గోడకూ మధ్య నేలలో ఒక మొద్దు పాతి ఉంది. అది ధర్మవరం మగ్గం దూలం ముక్క, పుష్ప అన్న యల్లప్ప పాత మగ్గం విప్పేసినప్పుడు మా చెల్లెలి మొగునికి పనికొస్తాదేమో అని లారీలో వేసి పంపించాడు, ఎంత పట్టు నేసిందో ఏమో గాని ఇప్పుడు దానికి నాలుగు బోల్టులతో ఇంజను బిగించాను. పైన పెనుకొండ కొండ. మబ్బు కోటగోడల దాకా దిగి వాన పడాలా వద్దా అని తేల్చుకోలేక వేలాడుతోంది, ఈ ఊరి మబ్బుకు ఎప్పుడూ ఇదే జబ్బు. అమ్మ వెనక గడప మీద కూచుని చేటలో శెనక్కాయలు ఒలుస్తోంది. ఏంటికి తీసినావురా దాన్ని అంది, తుప్పు పట్టిందని చెప్పాను. కొత్త ఇంజనంటే కొత్త బోరు కొట్టించిన మోటారు సైకిలు లాంటిదే, మొదట మెల్లగా తోలాలి. లోపల పిస్టను ఇనుముది, అది ఆడే గొట్టం ఉక్కుది, రెండూ ఇంకా ఒకదానికొకటి పట్టవు. మొదటే వేగమిస్తే గీరుకుని పాడవుతాయి. అందుకని ఇంధనం వదిలే సూదిమర బాగా విప్పి, తడిగా, మెల్లగా కాసేపు నడిపి ఆపాలి, చల్లారనివ్వాలి, మళ్ళీ నడపాలి, ప్రతిసారీ సూదిని ఒకింత బిగిస్తూ పోవాలి. పొగగొట్టం నుంచి కారే నూనె మొదట నల్లగా వస్తుంది, అదంతా అరిగిన ఇనుము. తేటగా వచ్చిన రోజు ఇంజను ఎగరడానికి తయారైనట్టు. ఇదంతా ఒకప్పుడు పుష్పకు చెప్తే, ఎన్ని గంటలు పడతాది, మీయమ్మకూ నాకూ పొత్తు కుదిరేకి పట్టినన్ని సంవత్సరాలా అంది, అమ్మ పక్కనే ఉంది, ఇద్దరూ నవ్వారు. ఇప్పుడు అమ్మ ఒక్కతే ఒలుస్తోంది, కాయ పగిలిన చప్పుడు కూడా ఇక్కడికి వినిపిస్తోంది.

పాత ఇంజను హిందూపురంలో చచ్చిపోయింది. కాలేజీ గ్రౌండులో, గాలిలోనే, లోపలి కడ్డీ విరిగి. విమానం ముక్కు నేలకు కొట్టుకుంది. ఇంక చాల్లే, వయసైంది, పిల్లలాట అని నేను అన్నాను, అన్నానే గాని ఆ రోజు అన్నం తినలేదు, పుష్ప చూసింది. ఆమె ధర్మవరం చీరలు తీసుకుని నెలకోసారి బెంగుళూరు పోయేది, ఇల్లిల్లూ తిరిగి అమ్మేది, నాకంటే ఆ ఊరు ఆమెకే ఎక్కువ తెలుసు. ఒకసారి వెళ్తూ విరిగిన ఇంజనును నా చేతిరుమాలులో మూటకట్టి చీరల సంచిలో పెట్టుకుందంట, నాకు తెలియదు. అక్కడ విమానాల షాపు ఎక్కడుందో అడుక్కుంటూ పోయి, గాజుబల్ల మీద మూట విప్పి, హిందూపురంలో ఉన్నప్పుడు నేర్చిన కన్నడంలో, ఇట్లాంటిది కావాల, దీనికంటే మంచిది కావాల అని అడిగిందంట. షాపువాడు విమానం ఎంత పెద్దది, రెక్క ఎన్ని అంగుళాలు అని అడిగితే చేతులు చాపి చూపించిందంట. తొమ్మిదో తరగతి చదివిన ఆడమనిషి, భుజాన పట్టుచీరల సంచి, విమానం కొలత చేతులతో చూపిస్తోంది. ఆ షాపులో నేను ఎందుకు లేను. వచ్చి చీరల మడతల్లోంచి పెట్టె తీసి నా ముందు పెట్టి, ఎంతయిందని అడగొద్దు, అడిగితే మళ్ళీ తీసుకుపోతా అంది. నేను అడగలేదు. ఆ రాత్రంతా ఇంజనును చేతిలో పట్టుకుని తిప్పుతూనే ఉన్నాను, నూనె వాసన, కొత్త ఇనుము చల్లదనం, ఇంక పడుకో, అది పారిపోదులే అంది. అది పారిపోలేదు.

తర్వాత వారంలోనే ఆయుధపూజ. స్కూటరు, మిక్సీ, కుట్టుమిషను, నా టూల్ బాక్సు, నేను స్తంభాలెక్కేటప్పుడు కాళ్ళకు కట్టుకునే ఇనుప పట్టీలు, అన్నిటినీ వరసగా పెట్టి పసుపునీళ్ళు చల్లింది. ఇంజను కూడా తెచ్చి పెట్టింది. దీనికొద్దు, ఇది ఇంకా నడవలేదు, దుమ్ము పోతే పాడవుతుంది అని నేను అంటూనే ఉన్నాను. మిక్సీకి పెట్టి దీనికి పెట్టకుంటే అలగదా అంది. స్కూటరు చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించాక, దీనికి చక్రం లేదే, నిమ్మకాయ యాడ పెట్టాల అని నిజంగానే ఆలోచనలో పడింది, ఫ్యాను రెక్కతో కోయిస్తానంది, నేను చెయ్యి అడ్డం పెట్టాను, చివరికి పక్కన పెట్టి ఊరుకుంది. కుంకుమ పొడిగా పెడితే ఇనుముకు నిలవదని గిన్నెలో ఒక చుక్క ఆముదంతో తడిపి, ఉంగరపు వేలితో తల మీద అద్దింది. నోటికి కూడా పెడతానని ఇంకో చిటికెడు పొడిది గాలినోటి మీద పెట్టింది. ఏ మెకానిక్కూ చేయని పని, ఇంజను గొంతులో కుంకుమ పోయడం. దసరా అయినాక కడిగి నడుపుదాంలే అనుకున్నాను, అప్పుడు ఎక్స్ఛేంజిలో కొత్త కేబుల్ పని పడింది, తర్వాత విమానానికి కాగితం అంటించడం మిగిలింది, తర్వాత వానలు, తర్వాత జనవరి. చిన్నప్పుడు పట్టుదారం కోసుకుపోయి ఆ ఉంగరపు వేలికి అడ్డంగా ఒక గీత ఉండేది, మగ్గం ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఉండే గీతే. తల మీది బొట్టును ఇప్పుడు భూతద్దంలో చూశాను. నడిమధ్య అడ్డంగా సన్నటి తెల్లగీత. ఫోటోల్లో ఆమె ముఖం ఉంది, ఈ గీత ఏ ఫోటోలోనూ లేదు.

సిరంజితో స్పిరిట్టు పీల్చి గాలినోట్లోకి ఎక్కించాను. కింద పాతగుడ్డ పట్టుకున్నాను. ఎర్రగా దిగుతుందనుకున్నాను, పచ్చగా దిగింది. స్పిరిట్టు కుంకుమను విప్పేసి మళ్ళీ పసుపు చేసింది. అదేం బజారు కుంకుమ కాదు, పుష్ప ఇంట్లోనే చేసేది, పసుపుకొమ్ములను నిమ్మరసంలో, వెలిగారంలో, పటికలో ఊరవేసి, నీడన ఎండబెట్టి, రోట్లో దంచేది, ఆ వారం ఇల్లంతా ఒకటే ఘాటు, తుమ్ములు. ఆ జాడీ ఇప్పటికీ దేవుని గూట్లో సగం నిండుగా ఉంది, పెట్టుకునే మనిషి ఈ ఇంట్లో లేదు, అమ్మ దాన్ని ఏ ముత్తయిదువకో ఇచ్చేద్దామంటే నేను వినబడనట్టు ఊరుకుంటున్నాను. పెళ్ళయిన కొత్తలో నా తెల్లచొక్కా మీద పసుపు మరక పడితే నేనే ఉతుక్కుంటానని సబ్బు రుద్దాను, మరక రక్తంలా ఎర్రబడింది, బెదిరిపోయి ఆమెను పిలిచాను. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రగా తిరుగుతాది, దిష్టినీళ్ళు చూసిందే లేదా నువ్వు అని నవ్వింది, నీళ్ళు కుమ్మరించి జాడిస్తే మళ్ళీ పచ్చబడింది. చదువుకున్నవాడివి ఇంతేనా అని యల్లప్పకు కూడా చెప్పింది. స్పిరిట్టు రెండోసారి ఎక్కించాను, మూడోసారి ఎక్కించాను. పసుపు పలచబడింది. తుప్పు ముక్కలు దిగాయి. ఆముదం చుక్కలు వేసి రెక్క మీద చెయ్యి పెట్టాను, గరగరమంటూ సగం తిరిగి ఆగింది, ఇంకో చుక్క వేస్తే పూర్తిగా తిరిగింది. బతికే ఉంది. సంతోషించాలి గదా నేను. తిరగకుండా ఉంటే బాగుండు అనుకుంటున్నానని అప్పుడు తెలిసింది. తిరగకపోతే తలమీది బొట్టుతో దాన్ని మళ్ళీ చీరల కింద పెట్టేసేవాణ్ణి, తప్పు తుప్పుది, నాది కాదు.

ట్యాంకు నింపాను. స్పిరిట్టు, మెడికల్ షాపు ఆముదం. మొదట్లో నల్లచెరువు నుంచి వాళ్ళ పిన్నమ్మ పంపే వంటాముదం పోద్దామని పుష్ప పట్టుబట్టింది, అదైతే మన చేలోది, చలవ అని. చలవకు పాత ఇంజను లోపలంతా బంకపట్టి, దాన్ని కిరసనాయిల్లో నానబెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు సూదిమర నాలుగు చుట్లు విప్పాను. గాలినోటి మీద, ఆమె బొట్టు పెట్టిన చోటనే, వేలు మూసి రెక్క తిప్పితే గొట్టంలో ఇంధనం పాకుతూ వచ్చింది. ప్లగ్గుకు బ్యాటరీ క్లిప్పు తగిలించి రెక్కను విసిరాను. ఒకసారి, ఇంకోసారి, వేలికి ఎదురుతన్నింది, మళ్ళీ విసిరాను, అందుకుంది. తెల్లపొగ, గుడగుడ, అమ్మ ఒలవడం ఆపింది. కాలిన ఆముదం వాసన గోడకూ బండకూ మధ్య నిండిపోయింది, అది పుష్ప చీరల వాసన. ఆమెకు ఇంజను చప్పుళ్ళకు సొంత పేర్లు ఉండేవి. ఇంధనం ఎక్కువై తడిగా నడిస్తే గొణుగుతాండాది అనేది. ఇంధనం తక్కువై వేడెక్కితే అరుస్తాండాది అనేది. సరిగ్గా కుదిరితే పాడుతాండాది. ఇప్పుడు గొణుగుతోంది. గొణగాలి, మొదటి ట్యాంకు అంతా గొణగాలి. మాది రేడియోతో ఎగిరే విమానం కాదు, రెండు సన్నటి ఉక్కుతీగలకు కట్టి పిడి పట్టుకుని మధ్యలో నేను తిరుగుతుంటే నా చుట్టూ ఎగిరేది. దానికి ఇద్దరు కావాలి. ఒకరు పిడి దగ్గర, ఇంకొకరు తీగల అవతలి కొసన, ఆడుతున్న ఇంజనుతో విమానాన్ని తోక దగ్గర గట్టిగా పట్టుకుని. పిడి పట్టినవాడు ఎడమచెయ్యి ఎత్తితే వదలాలి. ధర్మవరంలో, రైల్వే యార్డు అవతల బీడులో, పెళ్ళయిన మొదటి ఏడాది, నాకు తోడెవరూ దొరక్క ఆమెను కూచోబెట్టాను. తీగలకు మెలిక పడితే నేను కళ్ళు చికిలించి వెతుక్కునేవాణ్ణి, ఆమె వేళ్ళతో ఇలా జారవిడిచి మెలిక దగ్గర ఆగేది, పడుగు దారాలతో పెరిగిన చెయ్యి. కొంగు నడుముకు దోపి, ముఖం పక్కకు తిప్పి, ఆముదం తుంపర్లన్నీ చీర మీద పడుతుంటే నా చెయ్యి వంకే చూస్తుండేది. నా ట్రాన్స్ఫర్లతో పాటు ధర్మవరం, హిందూపురం, పెనుకొండ, మూడు ఊళ్ళలోనూ ఆ తోక ఇంకొకరు పట్టుకోలేదు. పిల్లల్లేరు గదా, ఆ మొగుడూ పెళ్ళాలకు అదే ఆట అని ఊళ్ళో అనేవాళ్ళు, అననీ.

గొట్టం నొక్కి ఆపాను. నిశ్శబ్దం ఒక్కసారిగా వచ్చి మీద పడింది. చల్లారాలి. తలమీది బొట్టు ఇంకా ఉంది, తడిసి, కొంచెం నల్లబడి, ఒక పక్క నుంచి సన్నటి పచ్చచార ఇంజను ఒంటి మీది గాడుల మీదుగా దిగుతోంది. నూనె తుడిచి చూస్తే గుడ్డంతా నలుపు. చల్లారేదాకా కూచోవాలి, కూచుంటే జనవరి వస్తుంది, నేను పిలవకపోయినా వస్తుంది. ఎక్స్ఛేంజిలో లైన్లు టెస్టు చేస్తూ రిసీవరు చెవికి పెట్టుకుని ఉన్నాను, ధర్మవరం నుంచి ట్రంకు కాల్ వచ్చింది, వేరే ఎవరికో అనుకుని అందుకున్నాను, యల్లప్ప గొంతు. చీరలు తెచ్చుకోవడానికి అన్న ఇంటికి పోయిన మనిషి, పొద్దున నన్ను గేటు మూసుకోమని చెప్పి పోయిన మనిషి, తలనొప్పని పడుకుందంట, లేవలేదంట, మెదడులో నరం తెగిందన్నారు. ఊరంతటికీ మంచి వార్తా చెడ్డ వార్తా మోసే తీగలు నా చేతిమీదుగా వేసినవే, ఆ తీగలోనే వచ్చింది. నేను పోయేసరికి ఆడవాళ్ళు అంతా చేసేశారు. ముఖం నిండా పసుపు. నుదుటి మీద రూపాయిబిళ్ళంత బొట్టు, కుంకుమ ముక్కు మీదికి రాలుతోంది. పెసరగింజకు మించి ఎన్నడూ పెట్టుకోని మనిషికి. పసుపు కింద నా పుష్ప ఎక్కడుందో వెతుక్కున్నాను, కనిపించలేదు. పుణ్యాత్మురాలు, పసుపుకుంకాలతో పోయింది, అందరికీ దొరకదు ఈ రాత అన్నారు, ఒకరు కాదు, వచ్చిన ప్రతి ఒక్కరూ అన్నారు, నాతోనే అన్నారు, ఆమె ముందు పోవడం అదృష్టమంట, మొగుడు మిగలడం ఆమె పుణ్యమంట. ఆ మిగిలినవాణ్ణి నేను. నాకు కోపం వచ్చింది, ఈ రోజుకూ తగ్గలేదు, ఎవరి మీదో తెలియదు. అంత పెద్ద బొట్టు చూశాక అసలు బొట్టు గుర్తుకు రావడం మానేసింది. ఇంటికి వచ్చి బీరువా తీసి పెట్టెలో చూసుకున్నాను, ఇదిగో, ఇదీ ఆమెది, ఇంత చిన్నది.

చేట పక్కన పెట్టి అమ్మ లేచి వచ్చింది. మోకాళ్ళు పట్టుకుని బండ మీద కూచుంది. ఇంజను వంక చూసింది, తలమీది బొట్టునూ, దిగుతున్న పచ్చచారనూ చూసింది, నా ముఖం చూసింది. దీన్నేనా ఇన్ని దినాలూ దాచిపెట్టుకున్నావు అంది. తల ఊపాను. నాయన పోయినప్పుడు నేను పదో తరగతి, ఆ రోజు అమ్మ చుట్టూ గుంపుగా ఆడవాళ్ళు, నన్ను బయటికి పంపేశారు, తిరిగి లోపలికి వస్తే గోడ పక్కన ఎవరో కూచుని ఉన్నారు, అమ్మ అని పోల్చుకోవడానికి కొంతసేపు పట్టింది. ఇన్నేళ్ళలో ఆ రోజు గురించి ఆమె నాతో మాట్లాడిందే లేదు.

"నాకు తుడిచినప్పుడు నన్ను అడిగినోళ్ళు లేరు," అంది. "ఎవరో తడిగుడ్డ తెచ్చి తుడిచేసినారు. యా చెయ్యో గూడా చూల్లేదు నేను. కారిపోయేదాకా దాన్నట్ల చూస్తా కూచోవద్దురా. నీ పెండ్లాం పెట్టింది, నీ చేత్తో నువ్వు తుడుచుకో."

ఆమె గొంతు మామూలుగానే ఉంది, కూరలో ఉప్పు చాలిందా అని అడిగినట్టు. నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది, దహనం రోజు రాని ఏడుపు, అమ్మ చూస్తుండగానే ఏడ్చాను, ఆమె అటు తిరిగి కొండ వైపు చూసింది. తర్వాత ఎడమచేతి వేళ్ళు స్పిరిట్టులో ముంచాను. ఇంజను తల ఇంకా వెచ్చగా ఉంది, జ్వరం దిగుతున్న నుదురు ఎంత వెచ్చగా ఉంటుందో అంత. భూతద్దం తీసుకుని ఇంకోసారి చూద్దామనుకున్నాను, అడ్డగీత సగం కనిపిస్తోంది, ఇంకోసారి చూస్తే తుడవలేనని భూతద్దం జేబులోనే ఉంచాను. వేలితో కాదు, ఎందుకో అరచెయ్యి మొత్తం ఆనించాను. నుదురు నిమిరినట్టు నిమిరాను. తీసి చూస్తే తల మీద ఏమీ లేదు, తెల్లటి అల్యూమినియం మెరుస్తోంది, షాపులో ఎలా ఉందో అలా. అరచేతిలో పచ్చటి మరక. గుడ్డకు తుడుచుకోలేదు.

మళ్ళీ విసిరాను, ఈసారి మొదటి దెబ్బకే అందుకుంది. సూదిని కాస్త బిగించాను, గొణుగుడు సన్నబడింది, వదులు చేశాను. ఆపాను, చల్లారనిచ్చాను, నడిపాను. అలా ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు, అమ్మ మళ్ళీ చేట ఒళ్ళో పెట్టుకుంది, మబ్బు కొండ దిగి ఊరిమీదికి వచ్చింది, ఎదురింట్లో స్కూటరు కడగడం అయిపోయి ఎవరో హారను కొట్టి చూసుకుంటున్నారు. పొగగొట్టం కింద గుడ్డ పెట్టి చూస్తూ వచ్చాను, నలుపు, బూడిదరంగు, తర్వాత పాత తేనె రంగు, చివరికి తెల్లగుడ్డ మీద తడి తప్ప రంగే లేదు. తేట ఆముదం. ఇంజను లోపల ఇంక కుంకుమ లేదు, తుప్పు లేదు, అరగాల్సిందంతా అరిగింది. ఇదే గదా నాకు కావలసింది, కొత్త ఇంజనుకు ఇంతకంటే ఎవరూ కోరరు. ఆఖరి ట్యాంకు పోసి సూదిని మెల్లమెల్లగా బిగిస్తూ పోయాను. గొణిగింది, గొణుగుతూ గొణుగుతూ గొంతు సవరించుకుంది, ఇంకొక్క పిసరు బిగించగానే ఒక్కసారి అందుకుంది. పాడుతోంది. మగ్గం దూలం అదురుతోంది, గడప దగ్గర శెనక్కాయ గుల్లలు గాలికి కొట్టుకుపోతున్నాయి, గొట్టాన్ని వేళ్ళతో చటుక్కున నొక్కి వదిలితే గొంతు ఒక మెట్టు ఎక్కి మళ్ళీ సరిగ్గా అదే చోటికి దిగింది, ఎక్కడా తడబాటు లేదు. ఇంత శుద్ధంగా ఏ ఇంజనూ నా చేతిలో పాడలేదు. విను, విను, అనుకున్నాను.

"ఎవరినిరా పిలుస్తాండావు?"

అమ్మ గడప దగ్గర నిలబడి అడుగుతోంది. ఇంజను ఆగి ఉంది, ట్యాంకు అయిపోయినట్టుంది, ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు. నా ఎడమచెయ్యి పైకి ఎత్తి ఉంది. ఎప్పుడు ఎత్తానో కూడా తెలియదు. వేళ్ళు చాపి, అరచెయ్యి అవతలి కొసకు కనిపించేలా, ఇన్నేళ్ళూ ఎత్తినట్టే. అవతలి కొసన మా గోడ ఉంది, గోడ మీద ఒక కాకి ఉంది. తోక పట్టుకున్నవాళ్ళు వదలడానికి అక్కడ విమానమూ లేదు, ఇంజను నాలుగు బోల్టులతో మొద్దుకు బిగించి ఉంది. ఇంత బాగా కుదిరిన ఇంజనును ఇంక నేను ఎవరితో ఎగరేస్తాను. ఎవర్నీ లేదుమా అన్నాను. చెయ్యి దించడం కష్టమైంది.

అన్నం తిందువుగాని రా, చేతులు కడుక్కో అని అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. బండ మీద బట్టల సబ్బు ముక్క ఉంటే తీసుకుని రుద్దుకున్నాను, నూనె జిడ్డు, మసి, అన్నీ నురగలో కలిసి కారుతున్నాయి. ఎడమ అరచెయ్యి తిప్పాను. పచ్చటి మరక ఎర్రబడుతోంది. నేను ఈ సంగతే మర్చిపోయాను. నా చొక్కా, ఆమె నవ్వు, దిష్టినీళ్ళు, అన్నీ తెలిసి కూడా మర్చిపోయాను. మధ్యలో మొదలై, నురగ కింద, చూస్తుండగానే చిక్కబడింది, కుంకుమ ఎరుపు, జాడీలో ఉన్న ఎరుపు, అరచేతి నిండా. వేళ్ళు ముడవలేకపోయాను. అమ్మ వంగి చూసింది. నాయన పోయినప్పటి నుంచి ఆ రంగును ముట్టని మనిషి, చెంబు వంచబోయి ఆగింది.

"పొయ్యాల్నా?" అంది.

పోస్తే మళ్ళీ పసుపవుతుంది, ఇంకో చెంబు పోస్తే అదీ పోతుంది, పుష్పే చూపించింది.

"వద్దుమా," అన్నాను. "కొంచెంసేపుండు."

అమ్మ చెంబు అట్లే పట్టుకుని నిలబడింది.